జీపుకు ఇరుసులు మార్చిన దసరా

నాయన పోయిన పన్నెండో రోజు అయిపోయి, చుట్టాలందరూ ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళాక, ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీది సామాను దించడం మొదలుపెట్టాను. సెల్‌ఫోను లైటు వేసుకుని, ఎలుకలు కొరికిన చాపలు, మూతలేని కూజాలు ఒక్కొక్కటే కిందికి అందిస్తుంటే, గోడ మూలన ఒక గోనెసంచి చేతికి తగిలింది. మూతికి పురికొస చుట్టి ముడి మీద ముడి వేసి ఉంది. ఆ ముళ్ళు చూడగానే కట్టింది ఎవరో తెలిసిపోయింది. జీపు మీద మూటలు కట్టేటప్పుడు నాయన అట్లాగే వేసేవాడు, విప్పేవాడు తిట్టుకోవాల్సిందే. ఒక చేత్తో లేపితే లేవనంత బరువుంది. కిందికి లాగి కొస కోసి చూస్తే లోపల ఎనిమిది బ్రేకు షూలు ఉన్నాయి. అరచందమామ లాగా వంగిన ఇనుప ముక్కలు, వంపు మీద, చక్రం డ్రమ్మును రుద్ది ఆపే లైనింగు పట్టీ. నేను వాటిని మరిచిపోలేదు. మద్రాసు పుదుపేట పాతబండ్ల అంగళ్ళలో ఏరి కొనిపించి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినవాణ్ణి నేనే. డ్రమ్ములు మూసి బిగించినవాణ్ణీ నేనే. అమ్మేసిన జీపుతోపాటే ఇవీ ఎప్పుడో నాయుడుపేట దాటి వెళ్ళిపోయాయని ఇన్నేళ్ళూ నమ్ముతూ వచ్చాను.

నేను పుట్టింది తిరుపతిలోనే గానీ పెరిగింది మద్రాసులో. అమ్మ చనిపోయేటప్పటికి నాకు నాలుగేళ్ళు. మేనమామ వచ్చి నన్ను ఎత్తుకుపోయాడు. అందువల్ల నాయన నాకు సెలవుల్లో కనబడే మనిషి. ఖాకీ చొక్కా, చెవి మీద సగం తాగిన బీడీ, ఒంటి నుంచి పెట్రోలు వాసన. మిలటరీ వాళ్ళ వేలంలో కొన్న పాత జీపు ఒకటి ఆయనకు ఉండేది. తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు ఎక్కి, తలకోన వైపు పల్లెలకు మనుషుల్ని, మూటల్ని, ఒక్కోసారి మేకల్ని కూడా చేరవేసేవాడు. బస్సు పోని దారులన్నీ ఆయనవే. ఆ పల్లెల్లో ఆయన పేరు మునిరత్నం అని చాలామందికి తెలియదు, 'జీపాయన' అంటేనే తెలిసేది. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. పాలిటెక్నిక్‌లో లెక్చరరుతో గొడవపడి మానేసి, మామ ఇంట్లో అందరి మీదా అరుస్తూ తిరుగుతున్నాను. తిరుపతి అంటే చిన్నచూపు, జీపంటే మరీ చిన్నచూపు. ఆ సమయంలోనే మామ ఆఫీసుకు ఫోను వచ్చింది, ఘాటులో జీపుకు బ్రేకు పోయిందని.

దిగేటప్పుడు పోయిందట. పెడల్ నేలకు తగిలిందే తప్ప చక్రాలు పట్టుకోలేదు. లోపల పదకొండు మంది ఉన్నారు. ఎడమ పక్క లోయ, కుడి పక్క కొండ. నాయన జీపును కొండకేసి రాసుకుంటూ పోయి బండరాయికి గుద్ది ఆపాడు. ఆ గుద్దుడుకు వెనక ఇరుసు విరిగి చక్రం ఊడి లోయలో పడింది. ఇద్దరికి చేతులు విరిగాయి. ఎవరి ప్రాణమూ పోలేదు. నాయన కుడి మోకాలు మాత్రం డ్యాష్‌బోర్డు కింద నలిగింది. నేను వచ్చేటప్పటికి పిండికట్టు వేసుకుని నులకమంచం మీద కూర్చుని, మొండి జీపు వైపు చూస్తున్నాడు. నన్ను చూసి ఆయన అడిగిన మొదటి మాట, తిన్నావా అని కూడా కాదు. "మద్రాసులో పెద్ద డ్రమ్ముల ఇరుసులు దొరకతాయా రా?" అన్నాడు.

చిత్తూరు నుంచి పదిహేను రోజులకొకసారి క్యాంపు వచ్చే బ్రేక్ ఇన్‌స్పెక్టరు జీపును చూసి, దీన్ని రోడ్డెక్కించకూడదని రాసేశాడు. చెడ్డవాడేమీ కాదు. నాయన కట్టు చూసి కూర్చోమని కుర్చీ కూడా వేయించాడు. కానీ మాట మాత్రం ఖండితంగా చెప్పాడు. ఇరుసులూ బ్రేకులూ మొత్తం మార్చి, దసరా వెళ్ళిన వెంటనే వచ్చే క్యాంపుకు చూపించాలి, నడిపేది నాయనే అయ్యుండాలి, ఎందుకంటే ఆ కాలు బ్రేకు తొక్కగలదో లేదో కూడా తను చూడాలి. ఆ రోజు ఆగకపోతే జీపును విప్పి పాతయినుముకు వేసుకోవచ్చు, లైసెన్సు ఇచ్చేసి ఇంటికి పోవచ్చు. నాయనకు ఆ జీపు తప్ప వేరే పని తెలియదు. చదువు లేదు, భూమి లేదు. కట్టు విప్పిన రోజు నుంచీ పొద్దున లేవగానే గోడకు ఇటుక ఆనించి, దాన్ని బ్రేకు పెడల్ అనుకుని కాలితో తొక్కడం మొదలుపెట్టాడు. వందసార్లు తొక్కేవాడు. చెమటలు కారిపోయేవి. చూడలేక నేను వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

బండ్లు బాగుచేసే మేస్త్రి దేవదానం చిత్తూరు మనిషి. నాయనకు పాత స్నేహితుడు. మా పెరట్లోనే చాప పరుచుకుని పనికి దిగాడు. పాత ఇరుసులో చక్రం బరువంతా లోపలి కడ్డీ మీదే ఉంటుందని, కడ్డీ విరిగితే చక్రం దాంతోపాటే పోతుందని నాకు చూపించాడు. బ్రేకు డ్రమ్ములు కూడా చిన్నవి, తొమ్మిది అంగుళాలవి. పదకొండు మందిని ఎక్కించుకుని కొండ దిగే బండికి అవి ఏమూలకు? కొత్త రకం జీపుల ఇరుసులు వెడల్పు, డ్రమ్ములు పదకొండు అంగుళాలు, కడ్డీ విరిగినా చక్రం బయటి గొట్టం మీద నిలబడుతుంది. "సూడప్పా, ఇది పడితే మీ నాయన కొండనైనా ఆపతాడు," అన్నాడు. ఆ మాట విన్నాకే నాకూ పిచ్చి పట్టింది. జీపు మీద కాదు, గెలవడం మీద.

మా ఇంటికి ఎదురుగా ఉన్న హోటల్లో గల్లా పెట్టె పక్కన నల్ల ఫోను ఉండేది. నేను రోజంతా అక్కడే. మద్రాసుకు ట్రంక్‌కాల్ బుక్ చేసి, గంటలు గంటలు కూర్చుని, లైను దొరికితే అరిచి, దొరక్కపోతే ఎక్స్‌చేంజి ఆమె మీద అరిచి, మామను పుదుపేట పంపించి, ఆయన తెచ్చిన కబురు మీద మళ్ళీ అరిచి... మామ ఒక కొలత తప్పు చెప్పినందుకు రిసీవరు గల్లా పెట్టె మీద కొట్టాను కూడా. హోటలాయన ఫోను పనిచేస్తోందో లేదో చూసుకుని మళ్ళీ నా ముందుకు జరిపాడు. నాయన మంచం మీద నుంచే, "వాని చెవికి ఆ రిసీవరు కుట్టేయండప్పా, తిరుగుడన్నా తప్పతాది," అని నవ్వాడు. ప్రమాదం తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. మామకు మాత్రం ఆ జీపు ఉత్త చెత్త. చెత్త కోసం మీ నాయనా నువ్వూ ప్రాణాలు తీసుకుంటున్నారని ప్రతి కాల్‌లోనూ అనేవాడు. చివరికి నేనే రైలెక్కి వెళ్ళి, ఇరుసులు లారీలో వేయించి, షూలు మాత్రం నమ్మక ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

ఆ ఇంటికి పెద్ద అవ్వ, నాయన తల్లి. పొద్దున్నే పేడనీళ్ళు చల్లి, రాగిసంగటికి ఎసరు పెట్టి, ఆ పొయ్యి సెగలోనే పక్కన ఏదో ఒకటి కాచుకుంటూ ఉండేది. ఇంట్లో వంటనూనె కంటే ఆముదం ఎక్కువ ఖర్చు. గింజలు తనే వేయించి, దంచి, ఉడకబెట్టి, తేట తీసి నల్లటి జాడీలో పోసేది. దీపానికి అదే, తలకు అదే, కత్తికీ కొడవలికీ గడపారకూ అదే. తాత బతికున్నప్పుడు ఎడ్లబండి ఉండేదట. బండి ఇరుసుకు ప్రతి ప్రయాణానికి ముందూ ఆమే ఆముదం పోసేదట. "తిరిగేదానికి నూనె తాపకపోతే ఏడస్తాది రా," అనేది కిర్రుమనే తలుపును చూసి కూడా. నాకా వాసన తల నొప్పి తెప్పించేది. మద్రాసులో మా అత్త తలకు కొబ్బరినూనె రాసుకునేది. కాబట్టి పచ్చి ఆముదం వాసన ఎలా ఉంటుందో నాకు ఈ ఇంట్లోనే తెలిసింది. కాలిన ఆముదం వాసన అప్పటికి తెలియదు. అవ్వ దీపం వెలిగించే వేళకు నేను ఎప్పుడూ హోటల్లో ఫోను దగ్గరే ఉండేవాణ్ణి.

అవ్వ మనసులో ఒక ముల్లు ఉండేది. అంతకు ముందు ఏడాది పాలివాళ్ళింట్లో ఎవరో పోయి దసరాకు మైల వచ్చింది. ఆ ఏడు ఆయుధపూజ చేయలేదు. జీపుకు బొట్టు పెట్టలేదు, నిమ్మకాయ తొక్కించలేదు. ఏడాది తిరగకముందే ఘాటులో బ్రేకు పోయింది. అంతే, అది తన తప్పే అని అవ్వ తేల్చుకుంది. నాయన మోకాలి వైపు చూసినప్పుడల్లా చెంపలు వేసుకునేది. మైల అయితే నువ్వేం చేస్తావమ్మా, బ్రేకు బండిది గదా అని నాయన ఎన్నిసార్లు చెప్పినా, తలూపేది గానీ నమ్మేది కాదు. ఒకరోజు సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా, "నా కొడుకు కాలు నేనే ఇరగ్గొట్టినాను," అంది. ఎవరికీ కాదు, ముద్దకే చెప్పింది.

పని అనుకున్నట్టు సాగలేదు. కొత్త ఇరుసు మీద కమాను పట్టీలు కూర్చునే దిమ్మెలు మన జీపుకు సరిపోలేదు. కోసి, కొలిచి, మళ్ళీ వెల్డింగు చేయించాలి. మొదటిసారి వంకర వచ్చింది. వెల్డరు కాలర్ పట్టుకోబోతే దేవదానం నన్ను పక్కకు లాగాడు. ఇంజను నుంచి చక్రాలకు పోయే షాఫ్టు కురచైంది. చిత్తూరు తీసుకెళ్ళి లేతు మీద పొడుగు చేయించుకొచ్చాం. మధ్యలో తుపాను వాన. పెరడంతా బురద. జీపు నాలుగు చక్రాలూ లేకుండా ఇటుకల మీద నిలబడి, గోతాము పట్టా కప్పుకుని, శవంలాగా కనబడేది. క్యాంపు రోజు దగ్గర పడేకొద్దీ ఇంట్లో ఎవరం ఎవరితోనూ సరిగా మాట్లాడుకోవడం మానేశాం. నాయన ఇటుక తొక్కే చప్పుడు ఒక్కటే వినబడేది.

నవమి నాటికి ఇరుసులు రెండూ ఎక్కాయి, షూలు ఎనిమిదీ పళ్ళేల మీద బిగించాం. డ్రమ్ములు మూయడం, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడం మిగిలింది. నేను ఆ రోజే ముగించేద్దామన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. ఆయుధపూజ నాడు పనిముట్టు ముట్టకూడదు. దేవదానం చర్చికి పోయే మనిషే గానీ, నవ్వి, చేతులు కడుక్కుని, "అవ్వ మాటే మాట," అని చొక్కా తొడుక్కున్నాడు. ఎల్లుండే క్యాంపు, పూజ ముఖ్యమా బండి ముఖ్యమా అని నేను గట్టిగా అరిచి, చెంబు తన్ని హోటలుకు వెళ్ళిపోయాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి స్పానర్లు, సుత్తి, జాకీ, స్టీరింగు, అన్నింటికీ గంధం, కుంకుమ. అవ్వ బొరుగులూ పప్పులూ బెల్లమూ కలిపి నా చేతిలో పోసింది. పొద్దున నేను అరిచింది ఆమెకు గుర్తున్నట్టే లేదు. ముఖం ఎంత తేటగా ఉందంటే, ప్రమాదం తర్వాత అట్లా నేను చూడలేదు.

దశమి పొద్దున దేవదానం జీపు కింద దూరి మాస్టర్ సిలిండరు బిగిస్తూ నాకు పని చెప్పాడు. "మూసేముందు లైనింగులు నాలుగు పక్కలా ఉప్పు కాగితంతో రుద్దప్పా, పెట్రోలు గుడ్డతో తుడు, ఆమీట డ్రమ్ము ఎక్కించు." సరే అన్నాను. ఉప్పు కాగితం చేతిలోకి తీసుకున్నాను. మొదటి చక్రం దగ్గర కూర్చుంటే షూల మీద కూడా కుంకుమ బొట్లు కనబడ్డాయి. అవ్వ వీటినీ వదల్లేదా అని విసుక్కున్నాను తప్ప, బొట్టు పెట్టిన చెయ్యి ఇంకేం చేసి ఉంటుందని ఆలోచించలేదు. అంతలో హోటలు నుంచి కేక, మద్రాసు కాల్ వచ్చిందని. నేను బుక్ చేసిన కాలే. చెత్త అన్న జీపు రేపు నిలబడి ఆగుతుందని మామకు చెప్పాలని. అంతకు మించి ఆ కాల్‌తో పని లేదు. లైను పోతుందని, నాలుగు డ్రమ్ములూ వరసగా ఎక్కించేసి, నట్లు చేత్తో తిప్పి, పరిగెత్తాను. తిరిగొచ్చి బిగించాను. దేవదానం రుద్దినావా అని అడిగితే, రుద్దాను అన్నాను.

గాలి తీసి, మధ్యాహ్నం జీపును వీధి చివరి దాకా నడిపి చూశాం. ఆగింది, కానీ కాస్త సాగి ఆగింది. కొత్త లైనింగు గదా, తిరిగేకొద్దీ పట్టుకుంటుందని చెప్పి దేవదానం సాయంత్రం బస్సుకు చిత్తూరు వెళ్ళిపోయాడు.

మరునాడు ఊరి బయట క్యాంపు. మట్టిరోడ్డు మీద ముగ్గుపిండితో రెండు గీతలు. మొదటి గీత దగ్గర బ్రేకు తొక్కాలి, రెండో గీత లోపల ఆగాలి. అవ్వ కూడా వస్తానని పట్టుబట్టి వచ్చి, చెట్టు కింద చెంబుతో నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. నాయన ఉతికిన ఖాకీ చొక్కా వేసుకున్నాడు. మొదటిసారి రెండో గీత దాటి జానెడు దూరంలో ఆగింది. ఇన్‌స్పెక్టరు ఏమీ రాయకుండా, ఇంకోసారి రమ్మన్నాడు. రెండోసారి రెండు గజాలు దాటింది. మూడోసారి నాయన సీట్లోంచి లేచి నిలబడి తొక్కడం నేను చూశాను. మెడ నరాలు తాళ్ళలాగా పొంగాయి. జీపు ఇన్‌స్పెక్టరు బల్ల దాకా వచ్చి, పక్కకు తిరిగి, ఆగింది. నాలుగు చక్రాల నుంచీ పొగ. ఏదో జిడ్డు వాసన, కమురు వాసన. లైనింగు కాలితే అట్లా ఉంటుంది కాబోలు అనుకున్నాను.

నాయన దిగి, కుంటుతూ వెనక చక్రం దగ్గరికి వెళ్ళి వంగాడు. ఆ పొగను పీల్చాడు. తర్వాత తల తిప్పి చెట్టు వైపు చూశాడు. అవ్వ రెండు చేతులూ జోడించుకుని ఉంది.

"ఏమయ్యా, బ్రేకు పట్టలేదా, కాలు తొక్కలేదా? డ్రమ్ము విప్పి చూద్దామా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"విప్పే పని లేదు సార్," అన్నాడు నాయన. "బండి మంచిదే. నా కాలికే బలం లేదు."

ఇన్‌స్పెక్టరు ఆ మాట మీద వేరే డ్రైవరుతో తర్వాతి క్యాంపుకు జీపు తెమ్మని చెప్పి, లైసెన్సు తీసుకుని బల్ల మీద కాగితాల కింద పెట్టాడు. నేను అక్కడ అందరి ముందూ నాయన మీద పడ్డాను. తొక్కలేనివాడివి మమ్మల్ని ఇన్నాళ్ళూ ఎందుకు చంపావని అరిచాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. ఒకటి మాత్రం గుర్తుంది.

"ఇరుసులు మార్చినాం, బ్రేకులు మార్చినాం. నీ కాలు యాడ మార్చేది?"

ఆయన చొక్కా జేబులోంచి బీడీ తీసి, వెలిగించకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను ఆ రోజు రైలుకే మద్రాసు వెళ్ళిపోయాను. తర్వాత ఆయన రాయించిన ఉత్తరం వచ్చింది. జీపు వేరే డ్రైవరుతో పాసయిందని, ఇప్పుడు చేత్తో ఆపినట్టు ఆగుతోందని, నువ్వు లైసెన్సు తీసుకుంటే బండి నీదేనని. పాసయింది కదా, అంటే తప్పు కాలిదే అని నాకు ఇంకా రుజువు దొరికింది. జవాబు రాయలేదు. కొన్నాళ్ళు చూసి ఆయన దాన్ని నాయుడుపేట మనిషికి అమ్మేశాడు, పులికాట్ రొయ్యలు తోలడానికి. ఆ తర్వాత చచ్చేదాకా ఒక సత్రంలో యాత్రికుల చెప్పులు తీసుకుని బిళ్ళలు ఇచ్చే పని చేశాడు. నేను ఏడాదికోసారి వచ్చి, ఒక పూట ఉండి పోయేవాణ్ణి. వచ్చినా మాట్లాడేది తక్కువ. ఇప్పుడు ఘాటు రోడ్డు వెడల్పయింది, నా కారు వేలితో తాకినట్టు తొక్కితే ఆగుతుంది, చేతిలో ఫోను ఎవరినైనా క్షణంలో పిలుస్తుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఫోనులోంచి నేను ఆయన్ను పిలిచింది తక్కువే.

షూలను పెరట్లోకి, ఎండలోకి తెచ్చి వరసగా పేర్చాను. లైనింగులు నల్లగా, తారు పూసినట్టు మెరుస్తున్నాయి. ఒకదాని మీద గోరుతో గీకితే జిగురు వచ్చింది. తిప్పి చూస్తే ఇనుము వైపు, కమిలిపోయినా, గుండ్రటి కుంకుమ మరక. ఎనిమిదింటికీ ఉన్నాయి. పొయ్యి దగ్గర అగ్గిపెట్టె ఉంటే తెచ్చి పుల్ల గీసి లైనింగు అంచుకు పెట్టాను. కాసేపటికి సన్నగా పొగ లేచింది. ఆ రోజు గీతల దగ్గర వచ్చిన వాసనే. ఇప్పుడు నాకు తెలుసు, తర్వాత వచ్చిన పూటల్లో అవ్వ దీపం దగ్గర తగిలిన వాసన అది. కాలిన ఆముదం. కొత్త ఇనుము వానకు తుప్పు పట్టకూడదని, తిరిగేది ఏడవకూడదని, పోయిన ఏడు చేయని పూజకు కూడా కలిపి, అవ్వ ఆ నవమి నాడు ఎనిమిది షూలకూ జాడీలోని ఆముదం తాపింది. నేను రుద్దకుండా మూసేశాను, నూనె తాగిన లైనింగు డ్రమ్మును పట్టుకోలేక జారింది. నాయన ఒక్కసారి వంగి పీల్చగానే, ఆ దీపాల మధ్య పుట్టి పెరిగినవాడు కాబట్టి, చెయ్యి ఎవరిదో తెలుసుకున్నాడు. డ్రమ్ము విప్పితే చెట్టు కింద కూర్చున్న మనిషికి కూడా తెలుస్తుంది. తర్వాత తనే షూలు ఊడదీసి, వేరేవి వేయించి, వీటిని ఎవరూ ఎక్కని చోట దాచాడు. అవ్వ కోసం చేశాడో, జీపును దక్కించుకోవడానికి చేశాడో, రుద్దాను అని అబద్ధం చెప్పిన నా కోసం చేశాడో, అడగడానికి ఇప్పుడు మనిషి లేడు.

అవ్వ ఆ తర్వాత ఆరేడేళ్ళు బతికింది. నేను వచ్చిన ప్రతిసారీ ఒకటే చూసేవాణ్ణి. సత్రం నుంచి నాయన రాగానే అవ్వ గిన్నెలో ఆముదం కాచి తెచ్చేది. "ఈ కాలు నిలబడుంటే జీపు పోయేదే కాదు గదా నాయనా," అంటూ ఆయన కుడి మోకాలికి మెల్లగా మర్దన చేసేది. ఆ వాసన భరించలేక నేను వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆయన మాత్రం నులకమంచం మీద కాలు చాచి, ఇంకొంచెం గట్టిగా రుద్దమ్మా అని అడిగేవాడు.